భయపడుతూనే చెప్పిన నిజం

పోయిన మంగళవారం జగిత్యాల ఆసుపత్రిలో మా మేనమామ కన్నుమూశారు. ఫోన్‌లో ఆ మాట విన్నప్పుడు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మీద దుకాణంలో ఏ చిక్కు వచ్చినా ఎవరిని అడగాలి?

కోరుట్లలో ఆయనది చిన్న మందుల దుకాణం. కూలి చేసుకుని బతికిన ఇంట్లో ఫార్మసీ చదివిన మొదటి మనిషి. పొద్దున షట్టర్ ఎత్తగానే కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ప్రతి డబ్బా మీద తేదీని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి మరీ చదివేవారు. ఆయన దగ్గరే పనికి చేరిన కొత్తలో నాకది చాదస్తంగా కనిపించేది.

ఆరేళ్ల కింద సిరిసిల్లలో బంధువుల పెళ్లి ఉండి రెండు రోజులు దుకాణం మూశాం. వెళ్లేముందు స్విచ్చులన్నీ ఆపింది నేనే. తిరిగి వచ్చి, మామకంటే ముందు నేనే దుకాణం తెరిస్తే ఫ్రిజ్ చప్పుడు లేదు. దాని స్విచ్చు కూడా ఆపేశానన్నమాట. లోపల టీకాలు, ఇన్సులిన్ అన్నీ వెచ్చగా తగిలాయి. గబగబా స్విచ్చు వేశాను. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమనగానే, ఏమీ కాలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

గంట తర్వాత కథలాపూర్ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. మనవరాలిని కుక్క కరిచిందని టీకా చీటీ చేతిలో పెట్టింది. లేదంటే ఎందుకు లేదో మామకు చెప్పాలి. పెట్టెలోంచి ఒకటి తీసి ఇచ్చేశాను.

మధ్యాహ్నం మామ వచ్చి ఫ్రిజ్ తెరిచారు. ఐస్ ప్యాకులు నొక్కి చూశారు. ఇంకా మెత్తగానే ఉన్నాయి.

"బిడ్డా, ఇదెప్పుడు బందైంది?"

"ఇప్పుడే మామా. కరెంటు పోయింది."

ఆయన టీకాల పెట్టె బయటికి తీశారు. "ఒకటి తక్కువున్నది. ఎవలకిచ్చినవ్?"

ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. కుక్క కాటు జబ్బు బయటపడ్డాక మందు లేదని మా ఇద్దరికీ తెలుసు. ముసలమ్మ వదిలేసి వెళ్లిన చీటీని మామ చేతిలోకి తీసుకున్నారు.

పక్క దుకాణం ఆయన విని లోపలికి వచ్చాడు. "అన్నా, ఎవలకు తెల్వది. ఊకో. చెప్తే లైసెన్సు పోతది, ఊరోళ్లు మీదికొస్తరు."

"నాకూ గదే భయమైతాంది తమ్మీ," అన్నారు మామ. "గని గా పసిపిల్లకేమన్నయితే ప్రభువు ముంగట ఎట్ల నిలవడాలె?"

చీటీ మీది నంబరుకు నాలుగుసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. షట్టర్ దించి, నన్ను బండెక్కించుకుని కథలాపూర్ బయల్దేరారు. దారి పొడుగునా ఆయన నోట ఒకటే ప్రార్థన. "యేసయ్యా, గా పిల్లను కాపాడు" అని తప్ప ఇంకో మాట లేదు.

ఇంటి ముందు ఐదేళ్ల పాప చెప్పులతో ఆడుకుంటోంది. అప్పటికే ఊళ్లో సూది వేయించారట. మామ చేతులు జోడించి, "మా మందు పాడైంది. తప్పు నాదే. ఇప్పుడే జగిత్యాలకు పోయి మల్ల ఏపిద్దాం," అన్నారు. నా పేరు ఎత్తలేదు. పాప తండ్రి ఆయన కాలరు పట్టుకున్నాడు. "నా బిడ్డకేమన్నయితే నిన్ను బతకనియ్య!" మామ విడిపించుకోలేదు. "కొట్టుడుంటే తర్వాత కొట్టు. ముందు పిల్లను తీస్కరా," అన్నారు.

జగిత్యాలలో డాక్టరు కొత్త టీకా వేసి, తొందరగానే తెచ్చారని, మిగతా డోసులు తప్పొద్దని అన్నారు. ప్రతి డోసుకూ మామ వెళ్లారు. ఆ నెలల్లో ఫోన్ మోగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. జరిగింది అధికారులకు ఆయనే రాసిచ్చారు. కొన్నాళ్లు దుకాణం మూయించారు. తెరిచాక చాలామంది మా మెట్లెక్కలేదు. వచ్చినవాళ్లలో కొందరు మందు పట్టుకుని, "ఇది మంచిదేనా?" అని అడిగేవారు. మామ ఓపికగా తేదీ చూపించేవారు.

ఎందుకు నన్ను పనిలోంచి తీసెయ్యలేదని ఒకసారి అడిగాను. "నువ్వు భయపడ్డవ్. నేనూ భయపడ్డ. భయం పోయినంక నిజం చెప్దామంటే, ఎన్నడు చెప్పం బిడ్డా," అన్నారు.

మొన్న సమాధుల తోటకు కథలాపూర్ నుంచి ఆ తండ్రి వచ్చాడు. పక్కన స్కూలు బట్టల్లో ఆ అమ్మాయి, బాగా పొడుగైంది. అందరితో పాటు గుప్పెడు మట్టి తీసుకుంది గానీ, ఎప్పుడు వేయాలో తెలియక ఆగిపోయింది. జనం గేటు వైపు కదిలారు. తండ్రి పిలుస్తున్నాడు. ఆ అమ్మాయి మాత్రం గుంత అంచున పిడికిలి బిగించి నిలబడే ఉంది. వేళ్ల సందుల్లోంచి ఎర్రమట్టి కొంచెం కొంచెంగా జారుతోంది.