నాయన తెచ్చిన మడ మొలకలు

మాది నల్లమాడ దగ్గర పల్లె. వానను నమ్ముకుని వేరుశనగ వేసే మెట్టచేను. అక్కా బావా పని వెతుక్కుంటూ పోయి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట రొయ్యల చెరువుల కాపలాకు కుదిరారు. అక్కకు కానుపైతే నేనూ నాయనా చూడబోయాం. నాయన సముద్రాన్ని చూడటం అదే మొదలు.

పొద్దున గట్టు మీద నడుస్తుంటే, పోటు నీళ్ళ మీద చిక్కుడు గింజల్లాంటి పచ్చటి గింజలు తేలుతూ వస్తున్నాయి. కొన్ని అప్పటికే బురదలో వేళ్ళు దించి, ఆకులు విప్పుకుని నిలబడ్డాయి. నాయన అక్కడే గొంతుక్కూచున్నాడు. చేపలమ్ముకునే అక్కావాళ్ళ పక్కింటావిడ అటుగా వస్తే అడిగాడు.

"ఇదేం చెట్టుమ్మా?"

"నల్లమడండి. గింజ చెట్టునుండగానే మొలకొచ్చేస్తది. నీళ్ళలో పడి కొట్టుకుపోయి, బురద తగిలినచోట నాటుకుంటది."

"ఎవురూ విత్తకుండానే? ఈ ఉప్పునీళ్ళలోనా?"

"ఎవరు విత్తుతారండీ!" అని నవ్విందావిడ.

నాయన నవ్వలేదు. "మాదీ నల్లమాడే తల్లీ" అన్నాడు మెల్లగా.

తిరుగు ప్రయాణంలో కొన్ని మొలకల్ని ఆ బురదతో సహా బకెట్లో పెట్టి, బస్సులో దారంతా ఒళ్ళో పెట్టుకొచ్చాడు.

"తాగేదానికే ట్యాంకరు కోసం కాసుకోనుంటే, వీటికి యాడినుంచి పోస్తావు?" అంది అమ్మ. అన్నదే గానీ, బియ్యం కడిగిన నీళ్ళలో కాస్త కల్లుప్పు వేసి తనే పోసేది. కొత్తగా రెండాకులు వచ్చాయి కూడా.

ఆ ఏడు తొలి వానకు విత్తిన వేరుశనగ బాగానే మొలిచింది. తర్వాత చినుకు లేదు. ఊరి బోరూ ఎండిపోయింది. చేలో ఆకు ముడుచుకుంటుంటే, బకెట్లో ఆకుల అంచులు మాడసాగాయి. నాయన నా చేత అక్కకు ఫోన్ చేయించాడు. అక్క ఫోనిస్తే ఆ చేపలావిడే మాట్లాడింది.

"పోటుకు నీళ్ళెక్కాలి, పాటుకు దిగిపోవాలండి. బకెట్లో బతకదండి."

నాయన ఫోన్ నా చేతికిచ్చేశాడు. "వానే రాని తావుకు పోటు యాడ తెద్దును?"

మొలకలు ఒక్కొక్కటే వాలిపోయాయి. అమ్మ బకెట్ కడిగి, నీళ్ళు పట్టేందుకు ట్యాంకరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"చేనికి ఏం చేద్దాం నాయనా?" అన్నాను.

"చేసేదానికేముండాది?"

మర్నాడు గొర్రెలాయన దారిన పోతుంటే నాయనే కేకేశాడు. "తోలుకోన్నా, అవన్నా తిననీ."

గొర్రెలు చేలోకి దిగాయి. కూటికి పిలవడానికి పోతే, నాయన గట్టు మీద నిలబడి వాటినే చూస్తున్నాడు. రమ్మన్నా రాలేదు. నేనూ పక్కనే నిలబడ్డాను.