పదిహేను దాటని నెల

ప్రతి పనికీ ఒక యాప్ ఉంటుందని మీ కుర్రాళ్ళంతా ఫోన్లో చెబుతుంటారు. ఉండొచ్చు నాన్నా. దరియాలతిప్ప దారిలో నేను పనిచేసిన ఐస్ ఫ్యాక్టరీకి కూడా అలాంటిదొకటి వచ్చింది, మా ఓనరుగారి కొత్త అల్లుడుగారితో పాటే.

అప్పటిదాకా మాకున్నదల్లా ఒక నల్లబోర్డు. ఎప్పటికి ఎన్ని ఐసు దిమ్మలు కావాలో బోట్లవాళ్ళు ఫోన్ చేసి చెబితే, నేను బోర్డు మీద రాసేదాన్ని. నీళ్ళు గడ్డకట్టడానికి ఒక రోజంతా పడుతుంది కాబట్టి, పనివాళ్ళు ఆ బోర్డు చూసి ముందురోజే డబ్బాలు నింపేవాళ్ళు.

అల్లుడుగారు ఆ బోర్డంతా కంప్యూటర్లోకి ఎక్కించారు. రెండో వారంలోనే మావగారి ముందు కూర్చున్నారు.

"మావయ్యగారూ, పదిహేనో తారీఖు దాటాక మనకి ఒక్క ఆర్డరూ లేదండి. సగం నెల మిషను ఆపేసి, మనుషుల్ని ఇళ్ళకి పంపేద్దాం."

మనుషులంటే నేనూ, ఇంకో నలుగురూ. ఓనరుగారు కొత్త అల్లుడికి ఎదురుచెప్పలేక మీసం దువ్వుకున్నారు. ఇంతలో గేటు దగ్గర ఒక బోటాయన కేకలు.

"ఇదేటండీ, ఐసడిగితే నీళ్ళు చూపిత్తన్నారు! నీళ్ళు మాకు గోదారి నిండా ఉన్నాయండి!"

"మీ దిమ్మలు పదో తారీఖునే తీసి పెట్టాం కదా, రాలేదేం?" అన్నారు అల్లుడుగారు. ఆ దిమ్మలన్నీ అప్పటికే కరిగి కాలవలో కలిశాయి.

"తారీఖేటండీ? నేను దశమన్నాను. దశమి ఇయ్యాలండి!"

అప్పుడర్థమైంది నాకు. బోట్లు పోటుని బట్టి కదులుతాయి, పోటు తిథిని బట్టి వస్తుంది. అందుకే వాళ్ళు తిథి చెబుతారు, నేనూ అదే రాస్తాను. అల్లుడుగారు దశమిని పదిగా, ఏకాదశిని పదకొండుగా కొట్టుకుంటూ పోయారు.

"బాబుగారూ, పదహారో తిథంటూ లేదండి," అన్నాను మెల్లగా. "పున్నమి వెళ్ళాక మళ్ళీ పాడ్యమే."

ఓనరుగారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "మిషనంటే ఆపగలం గానీ అల్లుడుగారూ, చందమామని ఆపలేమండి!"

మర్నాడు వెళ్ళే బోటుకి తీసిపెట్టిన దిమ్మలు ఆ బోటాయనకిచ్చి పంపేశాం. మిషను ఆగలేదు, మా ఐదుగురిలో ఎవరూ ఇంటికి పోలేదు. కంప్యూటరూ పోలేదు. అల్లుడుగారికి మాత్రం ఒక పని పెరిగింది. రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరిచే ముందు నా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా అడిగేవారు:

"ఏవండీ, ఇవాళ తిథి ఏవిటండీ?"