తేనెటీగలకు బాలింత కాయం

ఆ రోజుల్లో నాకు తేనెటీగలంటే భయం ఉండేది కాదు, మా గైడ్ సారంటే ఉండేది. ఈగ కుడితే వాపు మర్నాటికి తగ్గేది, ఆయన "ఇదేంటమ్మా?" అన్నారంటే వారంపాటు అన్నం సయించేది కాదు. పైగా మొదటి ప్రయోగం సరిగ్గా రాకపోతే రీసెర్చి మానేసి ఇంటికి వెళ్ళిపొమ్మని ముందే చెప్పేశారు.

ఇంతకీ ఆ ప్రయోగం ఏమిటంటే, కూలి ఈగ చిన్న వయసులో గూట్లోనే ఉండి పిల్లల్ని సాకుతుంది. దాని తలలోని గ్రంథులు ప్రొటీన్లు నిండిన పాలలాంటి ఆహారం తయారుచేస్తాయి. వయసు పెరిగేకొద్దీ దాని ఒంట్లో జువెనైల్ హార్మోన్ పెరిగి (పేరుకి పిల్లల హార్మోనే, తెచ్చేది మాత్రం పెద్దరికం) ఆ పాల ప్రొటీన్లు ఆగిపోతాయి. అవే గ్రంథులు మకరందాన్ని తేనె చేసే ఎంజైములు తయారుచేయడం మొదలుపెడతాయి, ఈగ పూల మీదికి బయల్దేరుతుంది. నేను ఒక పెట్టెలోని పసి ఈగలకు ఆ హార్మోన్ చుక్క ముందే వేసి, వాటి పాలు ఎండిపోతాయని చూపించాలి. హార్మోన్ వేయని రెండో పెట్టెలో ఈగల గ్రంథులు బొద్దుగా ఉండాలి.

కాలేజీలో ఇంక్యుబేటర్ పాడై, పెట్టెలు రెండూ కడియం ఊళ్ళో మా అత్తయ్య వంటింటి పక్క వెచ్చటి గదిలో పెట్టాను. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం. "మేత సంగతి నేను చూస్తాలేవే, నువ్వు పడుకో" అంది అత్తయ్య. చుక్క వేసిన వాటికి పాలు ఎండిపోతాయని ఆవిడకి చెప్పడమే నా కొంప ముంచింది.

జ్వరం తగ్గకముందే సారు ఊడిపడ్డారు. వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద మొదటి పెట్టెలో ఈగ తల తెరిచి చూశారు. ఎండిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో పెట్టెలో ఈగని చూశారు. అదీ ఎండిపోయింది.

"ఇదేంటమ్మా?" అన్నారు.

ఇక బట్టలు సర్దుకోవడమే అనుకున్నాను. అంతలో అత్తయ్య మజ్జిగ గ్లాసుతో వచ్చి, "పాలు పడ్డాయాండీ?" అంది ఆశగా.

సారు మేత గిన్నె వాసన చూసి తుమ్మారు. "వెల్లుల్లా ఇది?"

"బాలింత కాయం అండీ. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, బెల్లం వేసి నూరాను. పసిపిల్లల్ని సాకే వాటికి పాలు ఎండిపోతాయంటే మనసొప్పలేదండీ. ఆ పసుపుముద్ద తీసేసి ఇది పెట్టాను."

"రెండు పెట్టెల్లోనూనా?"

"ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళకి పెట్టకపోతే ఏం బావుంటుందండీ, ఇంటికొచ్చినవాళ్ళు!"

ఆ పసుపుముద్ద పుప్పొడి. ప్రొటీన్ అంతా దాంట్లోనే ఉంది. కాయాన్ని ఈగలు ముట్టనైనా ముట్టలేదు. ఇక పాలు ఎక్కడివి? సారు నావైపు చూశారు, అత్తయ్యవైపు చూశారు, తర్వాత కళ్ళజోడు తీసి కడుపు పట్టుకుని నవ్వారు. (ఆయనకి పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది.) "మళ్ళీ మొదలుపెట్టమ్మా. ఈసారి పెట్టెలు మా ఇంట్లో పెట్టు, మా ఆవిడకి వంటే రాదు" అన్నారు. అత్తయ్య ఆయన్ని భోంచేయనిదే కదలనివ్వలేదు. సారు పనసపొట్టు కూర మారు వడ్డించుకుంటుంటే, నేను మాత్రం ఇంకా మెతుకులు కెలుకుతున్నాను.

ఇప్పుడు నేనే గైడ్‌ని. నిన్న మా విద్యార్థిని పాడైపోయిన ప్రయోగం పట్టుకుని గుమ్మంలో నిలబడింది, మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా నోట్లోంచి అలవాటుగా "ఇదేంటమ్మా" వచ్చేయబోయింది. ఆపుకుని, "భోంచేశావా?" అని అడిగాను.