గొట్టం అంచున గాలి

2023 మార్చి. నెక్కొండ దగ్గర ఒక ఊళ్లో, మహిళా సంఘం వాళ్లు మిరపకాయలు ఆరబెట్టే డ్రయర్ దగ్గరికి వెళ్లాను. వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ చూస్తాను. ఆ డ్రయర్ చేసింది మా అన్న. మడికొండలో ఆయనకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. జనవరిలో చనిపోయాడు. ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది. ఆ సంఘంలోని సరోజన దానికి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను.

"పెద్దసారు పోయిండని తెల్వది సారు. కట్టెలు ఎట్లెయ్యాల్నో జర చెప్పుండ్రి. నాతోని కాయంత ఖరాబైతాంది."

డ్రయర్ పని సులువే. పొయ్యి మీదుగా ఒక ఇనుప గొట్టం పోతుంది. బ్లోవర్ అందులోకి గాలి ఊదుతుంది. వేడెక్కిన గాలి ట్రేలలోని కాయల మీదికి వస్తుంది. మధ్య ట్రేలలో కాయ ఎర్రగా ఎండేది, పక్క ట్రేలలో మాడేది. అన్న ఒకసారి వచ్చి కొలిచి, డ్రయర్ బాగానే ఉంది, మంటే ఎక్కువ పెడుతున్నారని చెప్పాడట. మంట చూసేది సరోజన.

"పెండ్లికి వండినట్టు కుక్కుతది సారు," అంది సంఘం పెద్ద కొమురమ్మ. "ఇగ ఆమెను పొయ్యికాడికి రానియ్యం."

"ఊర్ల నన్ను బొగ్గుల సరోజన అంటాండ్రు," అని సరోజన నవ్వబోయింది.

కొమురమ్మతోనే సన్నని మంట పెట్టించి కొలిచాను. గాలి వేగానికి ఎనిమోమీటర్, వేడికి థర్మోకపుల్ అనే తీగ. గొట్టం మూతి మధ్యలో అంతా సరిగానే ఉంది. తీగను గొట్టం గోడ వైపు జరిపితే వేడి బాగా పెరిగింది. కాగే గొట్టంలో గోడను ఆనుకున్న గాలి నెమ్మదిగా కదులుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. ఆ గాలే పక్క ట్రేలకు పోతోంది. తీగ పట్టి ఉంచడానికి అన్న మూతికి వెల్డ్ చేసిన కొక్కెం ఇంకా ఉంది. అది తీగను మధ్యలో తప్ప ఎక్కడా నిలబెట్టదు. అన్న అక్కడే కొలిచాడు.

మెలితిప్పిన రేకు పట్టీ ఒకటి గొట్టంలోకి దూర్చాను. అది ఆ రెండు గాలులనూ కలిపేస్తుంది. మళ్లీ కొలిస్తే తేడా చాలావరకు పోయింది. "ఇక బాగుంటుంది" అని మాత్రం చెప్పి, సామాను సర్దుకున్నాను.

కొమురమ్మ సరోజన వైపు తిరిగింది. "ఇగ మంట నేనే సూస్త. నువ్వు దూరముండు."

"సరే అక్కా."

సంచి కింద పెట్టాను. "తప్పు ఆమెది కాదు. మా అన్న కొలవడంలో పొరపాటు పడ్డాడు. నేను చెప్పకుండా పోబోయాను."

"పోయినాయన మీద ఎందుకేస్తరు సారు," అంది సరోజన మెల్లగా. "నాకు అలవాటైంది. పోనియ్యిండ్రి."

నేను తల ఎత్తలేకపోయాను. కొమురమ్మ కట్టెల మోపును కాలితో సరోజన ముందుకు నెట్టింది. "నువ్వే ఎయ్యి మరి."

ఇప్పుడు ల్యాబ్‌లో గొట్టం గోడ దగ్గరి రీడింగే ముందు తీయిస్తాను. అన్న కొక్కేన్ని కోయించి తెచ్చి బల్ల మీద పెట్టాను. అది దేనికని విద్యార్థులు అడుగుతారు. కొలతలో తప్పు జరిగితే అది కాగితం మీదే ఉండిపోదు, ఎవరో ఒక మనిషి మీద పడుతుంది అని చెబుతాను. ఆ కొక్కెం చేసింది ఎవరో మాత్రం ఇంకా చెప్పలేకపోతున్నాను.