పదకొండో మంచం సంగతి

మొన్న ఆదివారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా చిన్నమ్మ కొడుకు ఫొటో వచ్చింది. ఉత్తమ నర్సుగా ఎంపికయ్యాడట, శాలువా కప్పుకుని, దండ బరువుకు కాస్త వంగి నవ్వుతున్నాడు. కింద అందరూ దణ్ణాలూ పూలగుత్తులూ పెట్టారు. నేనూ ఒక పూలగుత్తి పెట్టి, ఆ తర్వాత ఫొటోను పెద్దది చేసి శాలువా జరీ అంచు ఎంత వెడల్పుందో చూశాను. ముప్పై ఐదేళ్లు వచ్చినా నాకు ఆ బుద్ధి పోలేదు. నాతోపాటు నర్సింగ్ చదివి, తెల్ల చొక్కాలు ఉతుక్కుంటూ తొలి ఉద్యోగాలు చేసిన మిత్రులకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే ఏడాది తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాం. అద్దెగది ఒకటే, ఇస్త్రీపెట్టె ఒకటే. పరీక్షల్లో నేను ముందుండేవాడిని. మందుల మోతాదులూ, ఏ పనికి ఎవరి సంతకం కావాలో, ఏ తప్పుకు చట్టం ఏమంటుందో అన్నీ నాకు వరుస నంబర్లతో వచ్చేవి. తమ్ముడికి ఆ పాఠం చెప్పింది కూడా నేనే. వాడు పుస్తకం మూసేసి, ఇదంతా ఎట్ల గుర్తుంటాదన్నా నీకు, అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. అయితే వార్డులో లెక్క వేరుగా ఉండేది. రోగులు వాణ్ణి సిన్న బ్రదర్ అని ముద్దుగా పిలిచేవారు, నన్ను పుస్తకం బ్రదర్ అనేవారు. నాలుగు నిమిషాల్లో అయ్యే సూది మందుకు వాడు పది నిమిషాలు తీసుకునేవాడు. మీ ఊరు యాడ, ఏం తిన్యావు, మనవడు వచ్చినాడా అని అడిగి, జవాబు పూర్తిగా విన్నాక గానీ చెయ్యి పట్టుకునేవాడు కాదు. అది పని దొంగతనమని నా అభిప్రాయం. అలాంటివాణ్ణి ఒకరోజు మధ్యాహ్నం వార్డు పెద్ద సిస్టరు అందరి ముందూ పిలిచి, వచ్చే నెల నుంచి షిఫ్టు బాధ్యత నీదేనని చెప్పింది. ఆ పనికి నా పేరు వస్తుందని నేను అప్పటికే ఇంట్లో చెప్పి ఉన్నాను.

ఆ రోజు పొద్దున నా డ్యూటీలో ఒక చిన్న సంగతి జరిగింది. మగవాళ్ల వార్డులో మంచాలు ఎదురెదురు వరుసల్లో ఉండేవి. నాలుగో మంచం మీద కార్వేటినగరం పెద్దాయన ఉన్నాడు, కడుపు ఆపరేషనై రెండో రోజు. ఆయన కాళ్ల వైపు కిటికీ, కిటికీ నిండా కొండ. తెల్లవారినప్పటి నుంచీ ఆయన కాళ్లు ముడుచుకునే ఉన్నాడు. కుట్లు లాగుతాయి, చాపుకోమంటే నా మీద కసురుకున్నాడు.

“స్వామి దిక్కు కాళ్లు సాపి పండుకోమంటావా? నువ్వు ఏం సదివినావప్పా?”

ఎదురు వరుసలో పదకొండో మంచం మీద చిత్తూరు నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన ఉండేవాడు. చర్చికి పోయే మనిషి, చక్కెర జబ్బుతో కాలి పుండు మానక చేరినాయన. ఆయనకు ఈ గొడవంతా నవ్వుగా ఉంది.

“నాకు ఏ దిక్కైనా ఒగటేబ్బా. నువ్వు ఇట్ల రా, నేను ఆడికి పోతా. కిటికీ గాలన్నా మొగానికి తగుల్తాది.”

నన్ను అడిగారు, కానీండి అన్నాను. నేనే చెయ్యి పట్టి ఇద్దరినీ మార్చాను. కానీ మంచాలకు తగిలించిన కేస్ షీట్లు మార్చలేదు, తర్వాత చూద్దామనుకున్నాను. మా ఆసుపత్రిలో అప్పట్లో చేతికి పేరు పట్టీలు లేవు, రోగికి గుర్తు మంచం నంబరే. అంటే కాగితాల ప్రకారం సాయంత్రం ఆరున్నరకు ఇన్సులిన్ పదకొండో మంచానికి. మంచం మీద మాత్రం చక్కెర జబ్బే లేని, రెండు రోజులుగా సరిగా తిండే లేని మనిషి. ఆయనకు అది పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండు గంటలకు తమ్ముడు డ్యూటీకి వచ్చాడు, పెద్ద సిస్టరు ఆ మాట చెప్పింది అప్పుడే. వారం రోజులు వేరే వార్డులో చేసినందువల్ల ఆ ఇద్దరు పెద్దాయనలూ వాడికి కొత్త. మంచం మంచం దగ్గరా నిలబడి నోటితో అప్పగించడం మా పద్ధతి. నా చీటీలో ఉన్నవన్నీ ఒక్కటీ పోకుండా చదివాను. పదకొండో మంచం దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్నాడు. మార్పు సంగతి నాలుక చివర ఉంది. షిఫ్టు బాధ్యత నీదే కదా, నువ్వే చూసుకో అని లోపల ఎవరో అన్నట్టయింది. ఇన్సులిన్ ఆరున్నరకు అన్నాను, అంతే. తమ్ముడు, సరే అన్నా అని సంతకం పెట్టాడు.

వాడికి ఒక్కసారి చీవాట్లు పడితే చాలనుకున్నాను. గదికి వచ్చి బోర్లా పడుకున్నాక గానీ చీవాట్లకూ ప్రాణానికీ మధ్య దూరం లెక్కకు రాలేదు. ఫోన్ పక్కనే ఉంది. చేస్తే, పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. మూడైంది, నాలుగైంది, ఐదున్నరైంది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన నేరమేదైనా ఉంటే అది రెండు గంటలప్పటి మౌనం కాదు, ఆ తర్వాతి నాలుగు గంటలు. ఆరుంబావుకు చెప్పులు తప్పుగా తొడుక్కుని పరుగెత్తాను.

వార్డులోకి పోయేసరికి ఆరున్నర దాటింది. తమ్ముడు పదకొండో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మందెక్కించిన సిరంజి ట్రేలో అట్లాగే ఉంది. పెద్దాయన గట్టిగా మాట్లాడుతున్నాడు.

“నాకు సెక్కెర యాడుండాదప్పా? మా వంశంలోనే లేదు. సెక్కెర ఆయన్ది, మంచం నాది.”

ఎప్పటిలాగే వాడు ఊరు అడిగాడట. చిత్తూరు అనాల్సిన మనిషి కార్వేటినగరం అన్నాడు. ఆ పది నిమిషాల పని దొంగతనమే ఆయన్ని కాపాడింది. నమ్ముతారో లేదో, ఆ క్షణంలో కూడా కృతజ్ఞత వెనకాలే ఈర్ష్య వచ్చింది: దీనికీ మెచ్చుకోలు వీడికే.

తమ్ముడు నన్ను వరండాలోకి తీసుకెళ్లి, నెమ్మదిగా అడిగాడు.

“నువ్వే మార్పిచ్చినావంట గదన్నా?”

నేను నోరు తెరిచేలోపు వాడే జవాబు కూడా ఇచ్చేశాడు. “మర్చిపోయింటావులే. పొద్దున్నించి నిలబడే ఉంటివి.”

ఊ అన్నాను. అంతకన్నా చిన్న అబద్ధం నేను ఇంతవరకు ఆడలేదు, అంతకన్నా పెద్దదీ ఆడలేదు. తప్పుల పుస్తకంలో వాడు నా పేరు రాయలేదు. అప్పగింతలో మనిషిని పలకరించి సరిచూసుకోలేదు, పొరపాటు నాది అని రాసి సంతకం పెట్టాడు. మరుసటి రోజు పెద్ద సిస్టరు ఆ పేజీ అందరికీ చదివి వినిపించి, నిజాయితీ అంటే ఇది అంది. నేను కూడా తల ఊపాను.

ఇప్పుడు నేను ఇంకో ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్లకు నర్సుల చట్టబద్ధమైన బాధ్యతలు చెబుతుంటాను. మరచిపోవడం నిర్లక్ష్యం అవుతుంది, తెలిసి చేస్తే నేరమవుతుంది అని బోర్డు మీద రెండు గళ్లు గీస్తాను. నాది ఏ గడిలోకి వస్తుందో నాకు తెలుసు. వాడికి తెలియదు. ఒక ‘ఊ’ వెనకాల పదేళ్లకు పైగా దాగి ఉన్నాను.

కాలం మారింది. రోగి చేతికి పట్టీ, పట్టీ మీద గీతలు, మందు ఇచ్చే ముందు యంత్రం సరిచూస్తుంది. డ్యూటీ అప్పగింత తెర మీద దానంతటదే కనబడుతుంది, నాలాంటివాడు ఒక మాట మింగేసినా ఎవరి ప్రాణం మీదికీ రాదు. మంచిదే, ఇలాగే ఉండాలి. కానీ మంచం పక్కన నిలబడి, నా నోటి మాట తప్ప వేరే ఆధారమేమీ అడగకుండా, సరే అన్నా అని సంతకం పెట్టినవాడు ఒక్కడుండేవాడు. అంత నమ్మకం ఆ తర్వాత ఎవరూ నా చేతిలో పెట్టలేదు. పెట్టాల్సిన అవసరమూ ఇప్పుడు ఎవరికీ లేదు.