సబ్బులన్న

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ కిరాణా దుకాణాలకు ఒక కంపెనీ సబ్బులు అమ్మేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఏడాది మాటిమాటికీ బంద్‌లు. షట్టర్లు దించి ఉంటే ఆర్డర్లు ఎక్కణ్ణుంచి తెస్తాను? కంపెనీ మాత్రం టార్గెట్ తగ్గించలేదు. చివరికి నా పనితీరు బాగాలేదని ఉద్యోగంలోంచి తీసేసింది. ఒళ్లు మండిపోయి లేబర్ ఆఫీసులో కేసు వేశాను.

దుకాణాలు మూసి ఉన్న మాట నిజమేనని అక్కడికొచ్చి ఎవరైనా చెప్పాలి. అడిగిన ప్రతి సేటూ నాకు చాయ్ తాగించాడు, కంపెనీని తిట్టాడు. వస్తానని మాత్రం అనలేదు. వాళ్లకు సరుకు ఆ కంపెనీ నుంచే రావాలి మరి. అశోక్ నగర్‌లో హాస్టళ్ల పక్కన దుకాణం నడిపే ఆయన ఒక్కడే వచ్చాడు.

"దుకాణమే తెర్వకపోతే ఈయన ఎవరికి అమ్మాలె సార్?" అని ఆఫీసర్‌నే నిలదీశాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇంతకీ ఈయన పేరేంటి?" అని నన్ను చూపిస్తూ ఆయన్ని అడిగాడు కంపెనీ వకీలు.

ఆయన నావైపు చూశాడు.

"సబ్బులన్న అంటం సార్, అందరం."

తీర్పు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం నారాయణగూడలో ఊరికే నడుస్తున్నాను. తెలిసిన దుకాణంలోంచి కేక వినిపించింది.

"సబ్బులన్నా, జర ఇటు రా!"

నవ్వుతూ తిరిగాను. మా కంపెనీ బ్యాగు తగిలించుకున్న కొత్త మనిషి ఒకడు అప్పటికే "వస్తున్న సేటూ" అంటూ నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.