ఒళ్లు విదిలించని పుంజు

లింగాల పక్కనున్న ఆ పల్లెలో పొద్దు ముందుగా స్వర్ణలత పెరట్లో పొడుస్తుంది. ఎండ తూర్పుగుట్ట ఎక్కేలోపే ఆమె కోళ్లగూటి తలుపు తీస్తుంది. లోపలి చీకటి ముక్కలు ముక్కలై, ఒక్కో ముక్కా రెక్కలు తొడుక్కుని బయటికి దూకుతుంది. నల్ల ముక్క, బూడిద ముక్క, గోధుమ ముక్క. అందరూ దిగాక దిగడమే పెద్దరికమన్నట్టు, చివరికి తాసీల్దారు దిగుతాడు.

తాసీల్దారు అంటే పుంజు. ఒళ్లంతా పండు మిరపకాయ రంగు, తోకలో మాత్రం పచ్చని నలుపు. తనిఖీకి వచ్చినవాడిలా మెడ వంచి, కంటికొసల నుంచి చూస్తూ పెరడంతా తిరుగుతాడని పక్కింటి రేష్మా పెట్టిన పేరది. వాడి వెనక పడుచు పెట్టలు. ఇంకా గుడ్డంటే ఏమిటో ఎరగనివి. జుట్టు ఇప్పుడిప్పుడే ఎర్రబారుతూ, వాడు గీరిన చోటే గీరుతూ, వాడు తల ఎత్తితే తలలెత్తుతూ నడుస్తాయి.

స్వర్ణలతది జమ్మలమడుగు వైపు. కాపురానికి వచ్చిన రోజు ట్రాక్టరులోంచి బీరువాతో పాటు ఒక గంప కూడా దిగింది. గంప కింద ఒక పొదుగుపెట్ట. అత్తగారింటి గడపను స్వర్ణలత కుడికాలు పెట్టి దాటింది. పెట్ట రెండు కాళ్లూ కలిపి ఎగిరి దాటింది. ఇప్పటి మందంతా ఆ పెట్ట సంతతే. తనవైపువాళ్లెవరూ లేని ఆ ఇంట్లో అవే తన పుట్టింటివాళ్లని స్వర్ణలత లెక్క. పుట్టింటివాళ్లను పులుసు పెట్టుకుంటారా ఎవరైనా?

ఆ మాట ఆమె పైకి ఎప్పుడూ అనలేదు. చుట్టాలొచ్చి పెరటివైపు ఆశగా చూసినప్పుడల్లా ఒక్కో కోడికి ఒక్కో సాకు సిద్ధంగా ఉండేది.

"అది పొదుగు మీదుండాది అన్నా, లేపితే పాపం."

"దానికి రోగం తగిలి మొన్ననే తేరుకున్యాది."

"అదా? ముసల్ది. తింటే పండ్లూడతాయి."

పుంజుపిల్లల సంగతి ఎత్తితే, "వాటికి తోక రానీప్పా," అనేది. తోక వచ్చేసరికి చుట్టం వెళ్లిపోయి ఉండేవాడు.

ఆమె మొగుడు రాజశేఖర్ చీనీతోట రైతు; బత్తాయిని అక్కడ చీనీ అంటారు. రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, ఆ గుంటలో నాటుకోడి పులుసు కోసం ఏళ్ల తరబడి కలలు కన్నవాడు. "పెరట్లో మంద, పళ్లెంలో పప్పు," అని ముద్ద ముద్దకీ నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు స్వర్ణలతకు పెరుగులాగా, ఊరగాయలాగా భోజనంలో ఒక భాగమై పోయింది.

పోయిన ఎండాకాలం చీనీతోటలో బోరు దగ్గడం మొదలుపెట్టింది. నీళ్లు కాసేపు, ఉత్త గాలి కాసేపు. చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. అప్పుడు స్వర్ణలత అత్త వెంకటరమణమ్మ తోటగట్టు మీద నిలబడి, ఊరి దేవత గుడివైపు తిరిగి, కొంగు చాపింది.

"సుంకులమ్మ తల్లీ, బోరు నిలబెట్టు. మా ఇంట్లో ఎర్రపుంజును దేవరకు నీకిచ్చుకుంటా."

కొడుకు విన్నాడు, పనివాళ్లు విన్నారు, చీనీచెట్లు కూడా వినే ఉంటాయి. వారం తిరగకముందే ఎక్కడో గుట్టల్లో వాన పడింది. బోరు గొట్టం నిండా పోసింది.

మొక్కిన పుంజుకు మారుపుంజు ఉండదు. బజారులో ఇంకొకటి కొని ఇస్తే అమ్మవారు ఊరుకోదు. తాసీల్దారు కాలికి పసుపు దారం కట్టారు. ఉగాది దాటాక వచ్చే సుంకులమ్మ జాతర, ఆ దేవర దాకా వాడి ఆయుష్షు. వాడేమో ఆ దారాన్ని కొత్త హోదా అనుకుని, కాలు ఇంకాస్త ఎత్తి నడవసాగాడు.

స్వర్ణలతకు అన్నం సయించలేదు. తాసీల్దారు తల్లిని ముంగిస ఎత్తుకుపోతే, గుడ్డపీలికల మధ్య, వంటింటి బల్బు వెచ్చదనంలో వాడిని పెంచింది ఆమే. వాడు పిడికెడు దూదిగా ఉన్నప్పుడు నిద్రపోయిన బరువు ఆమె అరచేతికి ఇంకా గుర్తుంది. మొన్న గద్ద పడుచు పెట్టల మీదికి దిగితే, ఎగరడం సరిగ్గా రాని ఆ ఒళ్లుతోనే ఆకాశానికి ఎదురెళ్లాడు వాడు. అలాగని ఆమెకు అమ్మవారంటే భయం లేదా? ఉంది. మొక్కు తప్పితే బోరు మళ్లీ దగ్గుతుందేమో, చీనీచెట్లు నిలువునా మాడిపోతాయేమో. ఆ భయం ఒక రెక్క, ఈ ప్రేమ ఒక రెక్క. రెండూ కొట్టుకుంటున్నాయి గానీ ఆమె మాత్రం నేల మీదే ఉండిపోయింది.

దారి చూపింది మొగుడే, తనకు తెలియకుండా.

ఆ ఇంట్లో చుట్టాలకు చెప్పే కథ ఒకటుంది. వెంకటరమణమ్మ కొత్తకోడలుగా ఉన్న కాలంలో సుంకులమ్మకు ఒక పొట్టేలును మొక్కారు. కోసే ముందు పూజారి పసుపునీళ్లు పోస్తాడు. జీవం ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే అమ్మకు అక్కరలేనట్టు. ఆ పొట్టేలు మీద ఎన్ని చెంబులు పోసినా రాయిలా నిలబడిందట. ఇంక చేసేదిలేక ఇంటికి తోలుకొచ్చారు. అది వీధిలో అందరినీ పొడుస్తూ ముసలిదై పోయిందట. "అమ్మ వద్దన్న పొట్టేలు మాది," అని రాజశేఖర్ ఆ రోజు కూడా ఎవరికో గొప్పగా చెబుతున్నాడు. చిన్నప్పుడు దాని మీద స్వారీ చేసినవాడు మరి.

కాఫీ తెస్తున్న స్వర్ణలత గడపలోనే ఆగిపోయింది. అమ్మకు అడిగే హక్కుంది. సరే. పుంజుకు బదులియ్యకుండా ఉండే హక్కు లేదా?

మర్నాడు పొద్దున్నే కొళాయి కింద తాసీల్దారుకు స్నానం మొదలైంది. మొదటి చెంబుకు వాడు పెరడంతా పరిగెత్తి, దండెం మీది చీరనెక్కి, లోకమంతా తనను మోసం చేసిందన్నట్టు అరిచాడు. రెండో రోజు విదిలించి ఆమెనే తడిపాడు. కానీ స్వర్ణలత దగ్గర నానబెట్టిన సజ్జలున్నాయి. విదిలిస్తే ఒక్క గింజ లేదు. కదలకుండా నిలబడితే గుప్పెడు. పుంజుకు బుద్ధి పొట్టలో ఉంటుంది. కొన్నాళ్లకే చెంబు వంగగానే వాడు కళ్లు అరమోడ్చి, మెడ సాచి, తపస్సులోకి వెళ్లిపోయేవాడు. గింజలన్నీ తిన్నాకే, ఆపుకున్నదంతా ఒక్కసారిగా విదిలించేవాడు. ఆ తుంపరలో చిన్న ఇంద్రధనుస్సొకటి పుట్టి, పెట్టల వీపుల మీద పడి ఆరిపోయేది.

రేష్మా గోడ మీదుగా తల పెట్టింది. "ఏం స్వర్ణక్కా, పుంజుకు తలంటు పోస్తాండావు? పెండ్లి గాని కుదిరినాదా?"

"శానా ఏడి జేసిండాది రేష్మా."

"మా ఆయనకూ అంతే ఏడి. తోలిచ్చేదా?"

"సజ్జలు తింటాడా మరి?"

గోడకు అటూ ఇటూ ఇద్దరూ నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

అంతా బాగానే ఉండేది, పడుచు పెట్టలు ఊరుకుని ఉంటే. వాడేం చేస్తే అది చేయడం వాటి చదువు. నీళ్లు పడితే గింజలు పడతాయని అవీ నేర్చుకున్నాయి. ఒక సాయంత్రం ఉరుములతో వేసవి వాన దిగింది. ఊళ్లో కోళ్లన్నీ చూరుల కిందికి ఉరికాయి. స్వర్ణలత కోళ్లు మాత్రం పెరటి నడుమ వరసగా నిలబడి, మెడలు సాచి, కళ్లు అరమోడ్చి, వాన మొత్తాన్నీ ఓపిగ్గా నెత్తిన పోయించుకున్నాయి. ముందు తాసీల్దారు, వెనక పెట్టలు. బడిలో ప్రార్థన జరుగుతున్నట్టుంది.

పంచలో నులకమంచం మీద కూర్చున్న వెంకటరమణమ్మ చాలాసేపు చూసింది.

"ఏమ్మే స్వర్ణా, మన కోళ్లకు ఏమైనాది?"

స్వర్ణలత గుండె గంప కింద కోడిలా కొట్టుకుంది. "ఎండకు కాగిపోయినాయి గదత్తా. సల్లగుండాదని నిలబడినాయి."

"అట్లనా."

అత్త ఆకుకు సున్నం రాసుకుని నోట్లో పెట్టుకుంది. ఆ 'అట్లనా'లో ఉప్పూ లేదు, కారమూ లేదు. స్వర్ణలతకు అదే ఎక్కువ భయమేసింది.

దేవర రానే వచ్చింది. సుంకులమ్మ వేపచెట్టు కింద పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, వెడల్పాటి కళ్లతో కూర్చుంది. తప్పెట్లు మోగుతున్నాయి. రాజశేఖర్ అయినవాళ్లందరినీ పులుసుకు పిలిచి పెట్టుకున్నాడు. తాసీల్దారును అమ్మ ముందరి బండల మీద నిలబెట్టి, కాలి దారం కొసను వేలికి చుట్టుకున్నాడు. పూజారి ఓబులేసు చెంబెత్తి పసుపునీళ్లు పోశాడు.

తాసీల్దారు కళ్లు అరమోడ్చాడు. మెడ సాచాడు. కదల్లేదు.

ఇంకో చెంబు. కదల్లేదు. తోక చివరినుంచి పసుపు చుక్కలు మాత్రం ఒక్కటొక్కటే రాలుతున్నాయి. తప్పెట్లు మందగించి ఆగిపోయాయి.

"పుంజేనా అప్పా అది? బొమ్మ తెచ్చినారా?" అన్నారు ఎవరో.

ఓబులేసు ముఖం గంభీరమైంది. "రాజశేఖరా, అమ్మ అలిగినాది. ఇంట్లో తప్పు జరిగిండాది. యాడ జరిగిందో, ఎవరు జేసినారో, ఒప్పుకోండి."

రాజశేఖర్ తలెత్తి చూశాడు. అమ్మవారి వెడల్పాటి కళ్లు నేరుగా తననే చూస్తున్నట్టున్నాయి. ఉన్నట్టుండి రెండు చేతులూ ఎత్తాడు.

"తల్లీ! నేనే! శనివారం ఒక్కపొద్దని ఇంట్లో జెప్పి, ఎరువుల అంగడికి పోతాండానని జెప్పి, పులివెందులలో బిర్యానీ తింటాండా తల్లీ!"

జనం గొల్లున నవ్వారు. స్వర్ణలతకు ఎరువుల అంగడి నుంచి వచ్చిన చొక్కాలకు లవంగాల వాసన ఎందుకుండేదో ఇప్పటికి తెలిసింది. ఓబులేసు ఆశగా మళ్లీ చెంబు వంచాడు. పుంజు కదల్లేదు.

"ఇది గాదు. బిర్యానీకి అమ్మ ఇంత అలగదు. ఇంకా పెద్ద తప్పుండాది."

ఈసారి చూపులన్నీ ఆడవాళ్ల వైపు తిరిగాయి. స్వర్ణలత కళ్ల ముందు చీనీతోట దొప్పలాకులతో నిలబడింది. బోరు దగ్గు చెవుల్లో వినిపించింది. చెప్పేస్తే పుంజు పోతుంది. చెప్పకపోతే తోట పోతుందేమో. నోరు తెరిచింది.

"నేను..."

"గమ్మునుండుమే."

వెంకటరమణమ్మ కర్ర ఊతగా లేచి ముందుకొచ్చింది. "ఓబులేసూ, నువ్వు అడిగే తీరు సరిగ్గాల్యా. మొక్కింది నేను. నేనడుగుతా, పక్కకు జరుగు."

అమ్మవారి ముందు చతికిలబడి, ఇరుగింటి ఆమెతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది. "తల్లీ, బోరు నిలబెట్టినావు. మాట తప్పను, పుంజు నీదే. కోసియ్యమంటావా అంటే పలకవు. సూసినాం. నీ పేరున పానంతో ఇడిసిపెడతా. ఊర్లో నీ బిడ్డ మాదిరి తిరుగుతాది. ఒప్పుకుంటావా?"

అంటూ నడుముకున్న వక్కాకు సంచి విప్పి, గుప్పిటతో ఏదో తీసి పుంజు ముందు చల్లింది. అక్షింతలనుకుని జనం దండాలు పెట్టారు. దగ్గరున్న స్వర్ణలతకు ఒక్కదానికే కనిపించాయి. సజ్జలు. ఉబ్బి మెరుస్తున్న, నానబెట్టిన సజ్జలు.

తాసీల్దారు కళ్లు తెరిచాడు. ఒక్కో గింజనే తీరిగ్గా ఏరుకుతిన్నాడు. దేవరంతా ఊపిరి బిగబట్టి ఒక కోడి భోజనం ముగిసేదాకా ఆగింది. ఆఖరి గింజ గొంతు దిగాక, జుట్టు నుంచి తోక దాకా ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలించాడు. ఓబులేసు ముఖం, రాజశేఖర్ చొక్కా, తప్పెట తోలు, అన్నీ పసుపుమయం.

"సుంకులమ్మ తల్లీ!" జనం ఒక్కసారిగా కేక పెట్టారు. తప్పెట్లు చెట్టు మీది పిట్టల్ని లేపాయి. ఓబులేసు పుంజు కాలి దారం విప్పాడు. ఆ పూట చుట్టాలంతా గుత్తొంకాయ తిని వెళ్లారు.

అమ్మవారి పుంజును గంప కింద పెట్టకూడదు. అదిలించకూడదు. ఆ సంగతి తాసీల్దారుకు ఎవరు చెప్పారో గానీ, మర్నాటి నుంచే వాడి తనిఖీ ఊరంతటికీ విస్తరించింది. రాజశేఖర్ మంచం మీదెక్కి కూస్తాడు. రేష్మా వడియాల మీద నడుస్తాడు.

"స్వర్ణక్కా, మీ అమ్మవారి బిడ్డ నా వడియాలన్నీ తింటాండాడు. ఉష్ అనచ్చునా, అనగూడదా?"

"మెల్లిగా అను రేష్మా. అమ్మకు ఇనపడకుండ."

దేవర సద్దుమణిగిన ఒక మధ్యాహ్నం, స్వర్ణలత అత్తకు తమలపాకులు తుడిచి ఇస్తూ పక్కనే కూర్చుంది. రాజశేఖర్ తోటలో ఉన్నాడు. దూరంగా బోరు గొట్టం నిండా పోస్తున్న చప్పుడు గాలిలో తేలి వస్తోంది.

"అత్తా, సజ్జలు ఎప్పుడు నానబెడితివి?"

"ముందుదినమే. ఎండువి ఏస్తే వాడు ముట్టడు గదా."

"నీకెట్ల తెలిసినాది?"

"వానలో కోళ్లు నిలబడి పూజ జేస్తాంటే తెలీకుండ ఎట్లుంటాదిమే? ఇంట్లో అందరూ మీ ఆయన మాదిరే ఉంటారా?" వెంకటరమణమ్మ ఆకు మడిచి బుగ్గన పెట్టుకుంది. కాసేపు నమిలింది. పెరటివైపు, ఏళ్ల కిందట ఏదో కట్టేసి ఉండిన గుంజవైపు చూసింది. "అయినా పుంజుదేముంది, బిర్నా, నాలుగు దినాల్లోనే నేర్చుకుంటాది. పొట్టేలుకు శానా ఓపికుండాల. దానికి సజ్జలు గాదు, బెల్లం పెట్టాల."

స్వర్ణలత చేతిలోని ఆకులు జారిపోయాయి. నవ్వు ముందు పొట్టలో పుట్టి, భుజాల్లోకి ఎక్కి, ఒళ్లంతా విదిలించింది.

పెరట్లో కొళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు. ఒక్కొక్క చుక్కే కారుతోంది. దాని కింద తాసీల్దారు, వెనక పడుచు పెట్టలు, మెడలు సాచి నిలబడి ఉన్నాయి.